పర్సనల్ ట్రైనర్‌కి అంత డబ్బు పెట్టొచ్చా?

పేరు వేయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. అంతా ఇక్కడ ఇవ్వడం కుదరదు కాబట్టి ముఖ్యమైన సంగతులు చెబుతాను.

ఆమెకు 44 ఏళ్లు. అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం, రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలోనే. రెండేళ్లుగా బీపీకి మాత్ర వేసుకుంటున్నారు. ఈమధ్య చేయించుకున్న పరీక్షల్లో షుగర్ హద్దు మీద ఉందని తేలింది. నడకతో పాటు కండరాలకు బలం వచ్చే వ్యాయామం కూడా మొదలుపెట్టమని డాక్టర్ చెప్పారు. జిమ్ ఆమెకు కొత్త కాదు. ఆరేళ్లలో మూడుసార్లు చేరారు, మూడుసార్లూ మానేశారు. ఇప్పుడు అదే జిమ్‌లో ఒక పర్సనల్ ట్రైనర్ ఆరు నెలల ప్యాకేజీ చూపించారు. వారానికి మూడు రోజులు, ఆరు నెలలకు దాదాపు 72 సెషన్లు. డబ్బంతా ముందే కడితే తగ్గింపు ఉంటుందట, అదీ ఈ నెలాఖరు వరకే. లెక్క వేస్తే నెలకు ఆమె జీతంలో ఐదో వంతు అవుతోంది.

భర్తది ఒకటే మాట. "మూడుసార్లు కట్టిన ఫీజు ఏమైంది? యూట్యూబ్‌లో లేనిది ఆయన దగ్గర ఏముంది? పొద్దున్నే నడిస్తే సరిపోదా?" అంటున్నారు. ఇంటి ఖర్చులు, అమ్మాయి చదువు చూసుకుంటే ఆ మాటలో తప్పు లేదని ఆమెకూ అనిపిస్తోంది. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. కారణం వాళ్లమ్మ. 71 ఏళ్ల ఆ పెద్దావిడ కుర్చీలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. "అమ్మను లేపిన ప్రతిసారీ, ఇంకో పాతికేళ్లకు నేనూ ఇంతేనా అని భయమేస్తుంది" అని రాశారు. ఆఫీసులో బోనస్ రావలసి ఉంది. ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా దానితో ప్యాకేజీ కట్టేద్దామా అని ఆలోచిస్తున్నారు. చివర్లో ఇలా అడిగారు: "నాకు పట్టుదల లేదని మూడుసార్లు రుజువైంది. పక్కన నిలబడి చేయించే మనిషి ఉంటేనే నేను చేస్తానేమో. కానీ ఇంత డబ్బు నా ఒక్కదాని ఒంటి కోసం పెట్టడం న్యాయమేనా?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు డబ్బు గురించే అడుగుతున్నారనుకున్నాను. రెండోసారి చదువుతూ ఆ మూడుసార్లు మానేసిన సంగతి దగ్గర ఆగిపోయాను. పట్టుదల లేదని మీరు ఒక్క ముక్కలో తేల్చేసుకున్నారు. మీరే రాసిన వివరాలు చూస్తే నాకు అలా అనిపించలేదు.

మొదటిసారి ఏమైంది? ఏళ్ల తరబడి కూర్చునే పని చేసిన మనిషి చేరిన రోజే ట్రెడ్‌మిల్ మీద పరుగు మొదలుపెట్టారు. రెండు వారాల్లో మోకాలు నొప్పి పట్టుకుంది, ఆగిపోయారు. రెండోసారి రెండు నెలలు వెళ్లారు, వారానికి నాలుగు రోజుల చొప్పున. పట్టుదల లేని మనిషి అలా వెళ్లరు. అయితే ఆ రెండు నెలలూ అదే ట్రెడ్‌మిల్, అదే వేగం, అదే అరగంట. బరువు చూసుకుంటే కిలో కూడా తగ్గలేదు కాబట్టి ఇక లాభం లేదని మానేశారు. మూడోసారి ధైర్యం చేసి వెయిట్స్ వైపు వెళ్లారు. డంబెల్ పట్టుకున్నారో లేదో ఒక కుర్రాడు "ఆంటీ, అది అలా పట్టుకోరు" అన్నాడు, పక్కన ఇద్దరు నవ్వారు. మెంబర్‌షిప్ ఇంకా ఏడు నెలలు మిగిలి ఉండగానే వెళ్లడం ఆపేశారు.

ఈ మూడింటికీ మూడు వేర్వేరు కారణాలున్నాయి. మొదటిసారి ఒంటికి అలవాటు లేని భారం ఒక్కసారిగా పడింది. రెండోసారి ఒంటికి భారం పెరగనే లేదు, పైగా ఫలితం వెతికిన చోటు తప్పు. మూడోసారి ఏది ఎలా వాడాలో తెలియని ఇబ్బంది, దాని మీద అవమానం. మూడుసార్లూ మీకు కొరవడింది నేర్పే మనిషి. పక్కన నిలబడి తరిమే మనిషి లేక ఆగిపోయిన సందర్భం మీ ఉత్తరంలో ఒక్కటీ కనబడలేదు. ట్రైనర్‌కి డబ్బు పెట్టొచ్చా లేదా అన్నది తేలేది ఇక్కడే. ఎందుకంటే ట్రైనర్ అనే ఒక్క మనిషి దగ్గర మనం రెండు వేర్వేరు వస్తువులు కొంటాం. ఒకటి విద్య: ఎలా వంగాలి, ఎంత బరువు ఎత్తాలి, ఎప్పుడు పెంచాలి. రెండోది తోడు: ఫలానా టైముకి ఒకరు ఎదురుచూస్తుంటారు, చూస్తుంటారు, లెక్కపెడతారు. విద్యకు కొన్ని వారాలు చాలు, ఒకసారి వచ్చాక అది మీదే. తోడు మాత్రం అద్దె ఇల్లు లాంటిది, కట్టినన్నాళ్లే ఉంటుంది. మీకు చూపించిన 72 సెషన్లలో ఎక్కువ భాగం రెండో రకానివి. మీకు కావలసింది మొదటిది.

ఇది నేను నష్టపోయి తెలుసుకున్న సంగతి. కొన్నేళ్ల కిందట నేనూ ఒక ట్రైనర్‌ని పెట్టుకుని ఏడాది పాటు చేశాను. మంచి మనిషి. నేను వెళ్లేసరికి మెషీన్‌లో ఎంత బరువు కావాలో అక్కడ పిన్ను పెట్టి ఉంచేవారు, డంబెల్స్ తెచ్చి చేతికిచ్చేవారు, ఎన్నిసార్లో ఆయనే లెక్కపెట్టేవారు. ఒకరోజు ఆయన వేరే ఊరికి వెళ్లిపోయారు. మర్నాడు జిమ్‌లో నిలబడితే, ఏడాదిగా నేను ఎత్తుతున్న బరువెంతో నాకు తెలియదు. సీటు ఏ మెట్టు మీద పెట్టుకోవాలో తెలియదు. ఆ రోజు ఏమీ చేయకుండా ఇంటికి వచ్చాను, ఆ తర్వాత చాలా నెలలు వెళ్లలేదు. ఏడాది డబ్బు కట్టి ఏమీ నేర్చుకోలేదన్న బాధ ఇప్పటికీ ఉంది. అందుకే మీ ఉత్తరం నన్ను అంతగా పట్టుకుంది.

అలాగని ట్రైనర్ దండగ అనడం లేదు. 2000లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. బరువులు ఎత్తడం కాస్త అలవాటున్న 20 మంది మగవాళ్లను రెండు జట్లు చేసి 12 వారాల పాటు ఒకే ప్రోగ్రామ్ ఇచ్చారు. ఒక జట్టు పక్కన ట్రైనర్ ఉన్నారు, రెండో జట్టు సొంతంగా చేసుకుంది. చివరికి ట్రైనర్ ఉన్నవాళ్ల బలం స్పష్టంగా ఎక్కువ పెరిగింది. ఎందుకని చూస్తే, వాళ్లు బరువును త్వరత్వరగా పెంచుకుంటూ పోయారు. సొంతంగా చేసినవాళ్లు అంత వేగంగా పెంచలేదు. మనలో చాలామందికి తెలియకుండా జరిగేది ఇదే. ఎత్తగలిగినదాని కంటే తక్కువ బరువు దగ్గరే స్థిరపడిపోతాం. మీ విషయంలో అదే ట్రెడ్‌మిల్ వేగం రెండు నెలలు మారకపోవడం అలాంటిదే. ఒంటికి కొంచెం కొంచెంగా భారం పెంచితేనే బలం పెరుగుతుంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో థామస్ డిలోర్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు గాయపడిన సైనికుల కాళ్లకు ఇలాగే అంచెలంచెలుగా బరువు పెంచుతూ బలం తెప్పించి, 1945లో ఆ పద్ధతిని ప్రచురించారు. ఈనాటి ట్రైనర్లు చేయించేదానికి మూలం అదే. దీన్ని ఒక చిన్న నోట్‌బుక్‌తో మీరూ చేసుకోవచ్చు, నేర్చుకున్నాక. కిందటి వారం ఎంత ఎత్తారో రాసి ఉంటే, ఈ వారం ఇంకొక్కసారి ఎక్కువ చేయాలో, ఇంకాస్త బరువు వేయాలో ఆ కాగితమే చెబుతుంది.

మీవారి మాటకూ జవాబు చెప్పాలి. నడక చాలదా అని ఆయన అడిగింది మంచి ప్రశ్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థమైన శ్రమ కావాలి. చురుగ్గా నడిస్తే ఇది తీరిపోతుంది, ట్రైనర్ అక్కర్లేదు. అదే మార్గదర్శకాల్లో ఇంకో మాట ఉంది: వారానికి కనీసం రెండు రోజులు ప్రధాన కండరాలన్నింటికీ బలం పెంచే వ్యాయామం. నడకతో ఇది తీరదు. మీ డాక్టర్ చెప్పిందీ, మీ అమ్మగారిని చూసి మీరు భయపడుతున్నదీ ఈ రెండో సంగతి గురించే. గమనించారా, వారానికి రెండు రోజులు అన్నారు. మూడు రోజుల ప్యాకేజీలో మూడో రోజు చెడ్డదేం కాదు గానీ, డబ్బుకు ఇబ్బందిగా ఉన్నప్పుడు అది లేకపోతే మీ పని ఆగదు.

యూట్యూబ్ సంగతి. వ్యాయామం ఎలా ఉంటుందో అక్కడ చక్కగా చూడొచ్చు. మీరు ఎలా చేస్తున్నారో అది చూడలేదు. వంగేటప్పుడు మీ మోకాలు లోపలికి పోతోందా, బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడుతున్నారా, ఇవి ఎదురుగా మనిషి ఉంటేనే తెలుస్తాయి. బీపీ ఉన్నవాళ్లకు ఈ ఊపిరి సంగతి చిన్నది కాదు. బరువు ఎత్తుతూ ఊపిరి బిగబడితే ఆ కాసేపు బీపీ బాగా పైకి వెళుతుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం, దించేటప్పుడు పీల్చడం రెండు మూడు రోజుల్లో అలవాటు చేయించగలిగిన పని. ఇంకోటి, బీపీకి ఇచ్చే మాత్రల్లో బీటా బ్లాకర్లు అనే రకం గుండె వేగాన్ని తగ్గించి ఉంచుతాయి. మీది ఆ రకమైతే చేతి వాచీ చూపించే అంకెను నమ్మి ఇంకా వేగం పెంచకూడదు. మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే కొలతగా పెట్టుకోవాలి. మీ మాత్ర ఏ రకమో డాక్టర్‌ని ఒక్కసారి అడగండి.

ఇప్పుడు ఆ ట్రైనర్ గురించి. ట్రయల్ రోజు జరిగింది మీరు రాశారు. ఆయన వచ్చీ రాగానే బరువు చూసి, మూడు నెలల్లో 15 కిలోలు తగ్గిస్తానన్నారు. ఒక పౌడర్ డబ్బా తప్పనిసరి అన్నారు. ఏం మందులు వాడుతున్నారు, ఎక్కడైనా నొప్పి ఉందా అని అడగలేదు. నాకు బాగా ఆందోళన కలిగించింది ఆ అడగకపోవడమే. కెనడాలో 1970లలో తయారైన పార్‌క్యూ అనే చిన్న ప్రశ్నాపత్రం ఉంది. గుండె సమస్య ఉందా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా, బీపీకి మందులు వాడుతున్నారా, కీళ్ల సమస్య ఉందా అని అడుగుతుంది. ఇప్పుడు దాని సవరించిన రూపాలు అన్నిచోట్లా వాడుతున్నారు. నింపడానికి ఐదు నిమిషాలు పట్టదు. మొదటి రోజు అదైనా అడగని మనిషి చేతిలో, బీపీ మాత్ర వేసుకుంటూ మోకాలు ఒకసారి నొచ్చిన మీరు, బరువులు ఎత్తడం నాకు ఇష్టం లేదు.

15 కిలోల మాట కూడా అలాంటిదే. బరువు తగ్గాలనుకునేవాళ్లకు వారానికి అర కిలో నుంచి కిలో వరకు అయితే సురక్షితమని సాధారణంగా చెబుతారు. 12 వారాలకు లెక్కేసుకోండి. అది కూడా తిండిలో మార్పు ఉంటేనే. వ్యాయామం ఒక్కదానితో తగ్గే బరువు చాలామందికి కొద్దిగానే ఉంటుంది. రెండోసారి మీరు మోసపోయింది ఈ బరువు ముల్లు దగ్గరే. ఆ రెండు నెలల్లో మెట్లు ఎక్కితే వచ్చే ఆయాసం తగ్గిందని మీరే ఒక మూల రాశారు, కానీ దాన్ని ఫలితంగా లెక్కపెట్టలేదు. షుగర్ హద్దు మీద ఉన్నవాళ్లకు పనిచేసే కండరం రక్తంలోని గ్లూకోజ్‌ను వాడుకుంటుంది. బరువు ముల్లు కదలకపోయినా ఆ మేలు జరుగుతూనే ఉంటుంది.

పౌడర్ విషయం త్వరగా ముగిస్తాను. అది తప్పనిసరి కాదు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌కి చూపించకుండా ఏ డబ్బా కొనవద్దు, అమ్మే మనిషే సలహా చెబుతుంటే మరీను.

ముందే అంతా కట్టేయడం గురించి. ఒకసారి కట్టేస్తే ఆ డబ్బు కోసమైనా వెళతానని మీరు రాశారు. చాలామంది అలాగే అనుకుంటారు, నేనూ అనుకున్నాను. 2006లో ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు జిమ్‌లలోని 7 వేల మందికి పైగా సభ్యుల మూడేళ్ల రికార్డులు చూశారు. నెలవారీ ఫీజు కట్టేవాళ్లు సగటున నెలకు నాలుగుసార్లు, కాస్త ఎక్కువ, వెళుతున్నారు. ఎన్నిసార్లు వెళితే అన్నిసార్లకే కట్టే పద్ధతి ఎంచుకుని ఉంటే వాళ్లకు చాలా తక్కువ అయ్యేది. రేపటి మనం ఇవాళ్టి మనకంటే పద్ధతిగా ఉంటామని అందరం నమ్ముతాం. మీ ఏడు నెలల మెంబర్‌షిప్ సంగతి మీకు తెలిసిందే. ఆ డబ్బు మిమ్మల్ని జిమ్‌కి తీసుకెళ్లలేకపోయింది. ఇక నెలాఖరు తగ్గింపు అంటారా, వచ్చే నెలాఖరుకీ ఏదో ఒకటి ఉంటుంది. ఆ తేదీ చూసి టెన్షన్ పడకండి.

సరే, మీ ముందు ఏ దారులున్నాయి?

ఆరు నెలలూ తీసుకోవచ్చు. మంచి ట్రైనర్ దొరికి, ఇంట్లో అందరూ ఒప్పుకుని, వేరే ఖర్చు ఏదీ ఆగకపోతే అందులో తప్పేం లేదు. వారానికి మూడు రోజులు ఆరు నెలలు శ్రద్ధగా చేస్తే మనిషి మారతారు. దాని నష్టం ఏమిటంటే, ఏడో నెలలో మీరు ఎక్కడుంటారన్నది ఆ ట్రైనర్ మీకు ఎంత నేర్పారన్న దాని మీద ఆధారపడుతుంది. మధ్యలో ఆయన ఉద్యోగం మానేస్తే, మీకు జబ్బు చేస్తే, మోకాలు మళ్లీ నొస్తే ఆ డబ్బు ఏమవుతుందో కాగితం మీద ఉండాలి. మిగిలిన సెషన్లకు గడువు ఎంత, డబ్బు తిరిగి ఇస్తారా, ఇంకొకరికి మార్చుకోవచ్చా అని అడగండి. నోటిమాటగా చెబితే నమ్మి కట్టకండి.

నాకు మీ ఉత్తరానికి తగినట్టు కనబడుతున్న దారి ఇంకొకటి. 12 సెషన్లు మాత్రమే తీసుకుని, వాటిని దూరం దూరంగా వాడుకోవడం. మొదటి నెల వారానికి రెండు, అంటే ఎనిమిది. రెండో నెల పదిహేను రోజులకొకటి, రెండు. మిగిలిన రెండూ మూడో నెలలో ఒకటి, ఐదో నెలలో ఒకటి, చూసి సరిచేయడానికి. మధ్య రోజుల్లో అదే ప్రోగ్రామ్ మీరు సొంతంగా చేస్తారు. ప్యాకేజీ ఖర్చులో సెషన్ల లెక్కన ఇది ఆరో వంతు. విడిగా తీసుకుంటే ఒక్కో సెషన్‌కి ఎక్కువ అడుగుతారు, అయినా మొత్తం మీద చాలా తక్కువే అవుతుంది. మొదటి రోజే ట్రైనర్‌తో చెప్పేయండి: "నాకు చేయించడం కంటే నేర్పించడం కావాలి. 12 సెషన్ల తర్వాత నేను ఒక్కదాన్నే చేసుకోవాలి." ఈ మాటకు మొహం వెలిగిన ట్రైనర్‌ని తీసుకోండి. ఇబ్బంది పడిన ట్రైనర్‌ని వదిలేయండి.

ఆ ఎనిమిది సెషన్లలో ఏం నేర్చుకోవాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఇది పెద్ద జాబితా కాదు. కుర్చీలో కూర్చుని లేచినట్టు వంగి లేవడం. నేల మీది వస్తువును నడుము వంచకుండా తుంటి దగ్గర వంగి ఎత్తడం. తోయడం. లాగడం. రెండు చేతుల్లో బరువు పట్టుకుని నడవడం. జిమ్‌లో ఉన్న యాభై రకాల మెషీన్లూ దాదాపుగా ఈ ఐదింటి రూపాలే. ఒక్కొక్కటీ మీ మోకాలికి నొప్పి రాకుండా చేసే తీరు ఏదో కనుక్కోవాలి. పిన్ను మీరే పెట్టుకోండి, బరువు మీరే తెచ్చుకోండి, లెక్క మీరే పెట్టుకుని నోట్‌బుక్‌లో రాసుకోండి. నేను చేయనిది అదే. మొదటి వారాల్లో బలం వేగంగా పెరుగుతుంది. కండరం పెద్దదవ్వక ముందే నరాలు దాన్ని బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి. ఆ రోజుల్లో అంకెలు కళ్లముందే పెరుగుతుంటే వచ్చే ఉత్సాహం అంతా ఇంతా కాదు. నొప్పుల గురించి భయపడకండి, చేసిన ఒకటి నుంచి మూడు రోజుల వరకు కండరాలు పట్టేసినట్టుండటం మామూలే. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారి, కండరాలు బాగా వాచి భరించలేనంత నొప్పి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కొత్తవాళ్లకు మొదటి రోజే విపరీతంగా చేయిస్తే ఇలా జరిగే ప్రమాదం ఉంది.

ట్రైనర్‌కి ఇద్దరు పంచుకుని కట్టే పద్ధతి కూడా చాలాచోట్ల ఉంటుంది. మీలాగే మొదలుపెట్టాలనుకుంటున్న స్నేహితురాలు ఎవరైనా ఉంటే ఖర్చు తగ్గుతుంది, ఆ కుర్రాడి లాంటివాళ్లు నవ్వినా పక్కన ఒక మనిషి ఉంటారు. ఆమె మానేస్తే మీరూ మానేసే ప్రమాదం ఒకటుంది. గ్రూప్ క్లాసులు ఇంకా చవక, కానీ పదిహేను మందిలో మీ మోకాలిని ఎవరూ ప్రత్యేకంగా చూడరు. మీకు మొదటి అడుగు అది కాకూడదని నా అభిప్రాయం. మోకాలు ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు నొస్తుంటే, ట్రైనర్ కంటే ముందు ఒకటి రెండుసార్లు ఫిజియోథెరపిస్టుకు చూపించండి. అది ట్రైనర్ చేయగలిగిన పని కాదు.

ఖర్చే లేకుండా ఇంట్లోనే మొదలుపెట్టడం కూడా చిన్నచూపు చూడాల్సిన దారి కాదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, మెట్టు ఎక్కి దిగడం, పుస్తకాలు నింపిన బ్యాగు ఎత్తడం. మొదటి రెండు మూడు నెలలకు మీకు ఇది చాలు. ఆ తర్వాత భారం పెంచడానికి సామాను కావాలి, తీరు సరిచేసే మనిషీ కావాలి. బోనస్ వచ్చేదాకా ఆగేకంటే ఇది రేపే మొదలవుతుంది.

ఎవరిని తీసుకున్నా కొన్ని అడగండి. సర్టిఫికెట్ ఎవరిచ్చారు, దానికి పరీక్ష ఉందా? చాలా దేశాల్లో ట్రైనర్ అని చెప్పుకోవడానికి చట్టప్రకారం ఏ అర్హతా అక్కర్లేదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ లాంటి సంస్థలు పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్ వేరు, రెండు రోజుల క్లాసుకి ఇచ్చే కాగితం వేరు. ప్రథమ చికిత్స, సీపీఆర్ నేర్చుకున్నారా అని కూడా అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా ఆయన ఇంకొకరికి చేయిస్తుంటే ఓ పది నిమిషాలు దూరం నుంచి చూడండి. కళ్లు మనిషి మీద ఉన్నాయా, ఫోన్ మీద ఉన్నాయా? సరిచేయడానికి తాకే ముందు అడుగుతున్నారా? తాకవద్దని, మాటతోనే చెప్పమని అనే హక్కు మీకు ఉంది. ఆ మాటకు నొచ్చుకునే మనిషి మీకు వద్దు.

ఇక బోనస్. దాచవద్దని చెబుతాను, కారణం మీరు అనుకునేది కాదు. మీ సంపాదన మీ ఆరోగ్యానికి పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. న్యాయమేనా అని అడిగారు, న్యాయమే. కానీ దాచి కట్టిన డబ్బుతో వెళితే, జిమ్‌కి వెళ్లే ప్రతిరోజూ ఇంట్లో ఒక అబద్ధం చెప్పాలి. ఒళ్లు నొస్తే చెప్పుకోలేరు. పది కిలోలు ఎత్తాననే సంతోషం పంచుకోలేరు. ఒక వారం కుదరకపోతే ఆ తప్పు రెండింతలుగా మోస్తారు. అంత బరువుతో మూడు నెలలు కూడా సాగదు.

మీవారు చూస్తున్నది మూడుసార్లు పోయిన ఫీజు. ఆ మూడుసార్లూ ఎందుకు ఆగిందో ఆయనకు తెలియదు, ఆ కుర్రాడి మాట సంగతి ఇంట్లో చెప్పలేదని మీరే రాశారు. అది చెప్పండి. "మీరు అన్నట్టు ఆరు నెలలది తీసుకోవడం లేదు, 12 సెషన్లు నేర్చుకుంటాను, ఆ తర్వాత ఖర్చు ఉండదు. బోనస్‌లోంచి ఇంత దీనికి పెడుతున్నాను, మిగిలింది ఇంటికే" అని అంకెలతో చెప్పండి. డాక్టర్ చెప్పిన మాట కూడా కాగితం తీసి చూపించండి. ఆయన వెంటనే సరే అనకపోవచ్చు. అప్పుడు నిర్ణయం మీదే, కానీ అది తెరిచి చెప్పిన నిర్ణయం అవుతుంది. మాట పెరిగితే ఆయన్ని పొద్దున నడకకు రమ్మనండి, ఆ 150 నిమిషాలు ఆయనకూ కావలసినవే.

అలవాటు ఎన్నాళ్లకు పడుతుందని అడిగారు. 21 రోజులని చాలామంది అంటుంటారు, నమ్మకండి. లండన్‌లో 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒకరోజు తప్పితే అలవాటు చెడిపోలేదని కూడా వాళ్లు గమనించారు. మీరు రెండో నెలలో ఆపేసింది బహుశా ఆ ఒడ్డుకు కొంచెం ఇవతల.

అమ్మగారి గురించి ఒక మాట. ఆమెకు ఇక ఏమీ చేయలేమన్నట్టు రాశారు. 1990లో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలి బృందం ఒక వృద్ధాశ్రమంలో 90 ఏళ్ల వయసులో బాగా నీరసించి ఉన్న 10 మందితో 8 వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించింది. పూర్తిచేసిన తొమ్మిది మందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. మీ అమ్మగారికి 71. ఆమె డాక్టర్‌ని అడిగి, ఫిజియోథెరపిస్టు చూపించినట్టు మొదలుపెట్టించండి.

ఈ ఆదివారం గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు గుండె మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. వృద్ధుల కాళ్ల బలం చూడటానికి ఫిజియోథెరపిస్టులు వాడే పరీక్ష ఇదే. మోకాలు నొస్తే అక్కడే ఆపేయండి. ఆ అంకెను తేదీ వేసి నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి. 12 వారాల తర్వాత మళ్లీ లెక్కపెట్టి, రెండు అంకెలూ నాకు రాసి పంపండి.